స్లాబులన్నీ పడ్డాయి, మరి ఇల్లెప్పుడు వస్తుంది?

ఆదివారం సాయంత్రం నగర శివార్లలో ఏ అపార్ట్‌మెంట్ సైటు దగ్గరకు వెళ్లినా గేటు బయట ఒకటో రెండో కుటుంబాలు కనిపిస్తాయి. భార్యాభర్తలు తలలు పైకెత్తి అంతస్తులు లెక్కపెడుతుంటారు. "మనది అదిగో, ఆ టార్పాలిన్ వేలాడుతున్నదాని పక్కది" అని ఒకరు, "కాదు, అది ఆరోది, మనది ఏడు" అని ఇంకొకరు. ఒక ఫొటో తీస్తారు. అది ఇంట్లోవాళ్ల వాట్సాప్ గ్రూపులోకి వెళ్తుంది. డల్లాస్‌లోనో దుబాయ్‌లోనో ఉన్న కొడుకు అడిగే మొదటి మాట: "ఎంతవరకు వచ్చింది?" జవాబు ఎప్పుడూ స్లాబుల్లోనే ఉంటుంది. "నాలుగో స్లాబు పడింది."

బ్యాంకు కూడా ఇలాగే లెక్కపెడుతుంది. బిల్డర్ పంపే డిమాండ్ నోటీసులోనూ స్లాబుల లెక్కే. ఊళ్లో పేదవాడికి ప్రభుత్వం ఇచ్చే ఇంటి డబ్బు విడతలూ బేస్‌మెంట్, గోడలు, స్లాబు అనే మెట్ల మీదే నడుస్తాయి. అంటే దేశంలో కొత్త ఇంటి కోసం చేతులు మారే సొమ్ములో పెద్ద భాగం కంటికి కనిపించే ఎత్తును చూసి కదులుతుంది. చిక్కు ఇక్కడే ఉంది. కట్టడం లేవడం వేరు, ఇల్లు పూర్తికావడం వేరు. ఈ రెండింటి మధ్య ఉన్న దూరంలోనే నోయిడా నుంచి ముంబయి దాకా లక్షలాది కుటుంబాల పొదుపు ఇరుక్కుపోయింది.

మూడు దశలు, మూడు వేగాలు

ఒక పెద్ద అపార్ట్‌మెంట్‌ను మొదటి నుంచి చూస్తే మొదట్లో నెలల తరబడి ఏమీ కనిపించదు. మట్టి పరీక్ష, తవ్వకం, ఫుటింగులు లేదా రాఫ్ట్, ఆ తర్వాత రెండు మూడు సెల్లార్లు. చూసేవాళ్లకు అది పెద్ద గొయ్యి, అందులో వర్షపు నీళ్లు. "ఇంకా నేల దాటలేదు" అని కొన్నవాళ్లు దిగులు పడేది ఈ దశలోనే. నిజానికి బిల్డర్ గట్టివాడా కాదా అన్నది చాలావరకు ఇక్కడే తేలుతుంది, కానీ ఫొటోలో పడదు.

రెండో దశలో వేగం ఆశ్చర్యపరుస్తుంది. పిల్లర్లు, బీములు, స్లాబు, మళ్లీ పిల్లర్లు. మన దగ్గర మైవాన్ అని పిలిచే అల్యూమినియం సెంట్రింగ్ వాడే చోట గోడలు, స్లాబు ఒకేసారి పోసేస్తారు. పని సాఫీగా సాగితే వారం పది రోజులకో అంతస్తు లేస్తుంది. వాట్సాప్ గ్రూపులో పండగ వాతావరణం ఈ నెలల్లోనే.

ఆఖరి స్లాబు పడ్డాక మూడో దశ. బయటి నుంచి చూస్తే బొమ్మ ఆగిపోయినట్టు ఉంటుంది. లోపల మాత్రం అసలు పని అప్పుడే మొదలవుతుంది: ఇటుక పని, కరెంటు పైపులు, ప్లంబింగ్, బాత్‌రూముల్లో నీరు ఇంకకుండా చేసే వాటర్‌ప్రూఫింగ్, ప్లాస్టరింగ్, ఫ్లోరింగ్, తలుపులు, కిటికీలు, లప్పం, రంగులు. వీటికి తోడు లిఫ్టులు, ట్రాన్స్‌ఫార్మర్, మురుగునీటి శుద్ధి ప్లాంటు, అగ్నిమాపక ఏర్పాట్లు. ఒక్కో పనికి ఒక్కో ముఠా. ఒకరి పని పూర్తికాకపోతే రెండోవాళ్లు చెయ్యి పెట్టలేరు. ప్లంబర్ పైపు వేయకుండా టైల్స్ మేస్త్రి నేల మూసేశాడంటే మళ్లీ పగలగొట్టాల్సిందే. చేతిలో డబ్బు ఆడని బిల్డర్ ముందుగా ఆపేది కూడా ఈ దశలోని పనినే. స్లాబు ఆగితే రోడ్డు మీద వెళ్లేవాళ్లందరికీ తెలిసిపోతుంది. ఏడో అంతస్తులో ప్లాస్టరింగ్ ఆగితే ఎవరికి తెలుస్తుంది?

తొందరపడని సిమెంటు

ఇక్కడ కొంచెం కాంక్రీటు సంగతి చెప్పుకోవాలి. స్లాబు వేసిన మర్నాడు దాని మీద నడవొచ్చు కాబట్టి అది గట్టిపడిపోయిందని అనుకుంటాం. సిమెంటు ఎండి గట్టిపడదు, నీటితో రసాయన చర్య జరిగి గట్టిపడుతుంది. నీరు అందకపోతే ఆ చర్య మధ్యలో ఆగిపోతుంది. అందుకే మేస్త్రులు "నీళ్లు కొట్టడం" అనే క్యూరింగ్‌కు అంత ప్రాధాన్యం.

భారతీయ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం మామూలు సిమెంటు వాడితే కనీసం 7 రోజులు తడి ఆరకుండా చూడాలి. బూడిద కలిపిన మిశ్రమ సిమెంట్లయితే కనీసం 10 రోజులు. ఎండలు మండే పొడి వాతావరణంలో మామూలు సిమెంటుకైనా 10 రోజులకు తగ్గకూడదు, మిశ్రమ సిమెంటుకు 14 రోజులు మంచిది. ఇప్పుడు మార్కెట్లో దొరికే సంచుల్లో చాలావరకు మిశ్రమ సిమెంటే కాబట్టి "వారం చాలు" అన్న పాత లెక్క పనికిరాదు. కాంక్రీటు బలాన్ని లెక్కగట్టేది 28వ రోజున. అదే రోజు పోసిన కాంక్రీటుతో 15 సెంటీమీటర్ల ఘనపు దిమ్మెలు తయారు చేసి, వాటిని నీళ్లలో ఉంచి, యంత్రంలో నొక్కి విరగ్గొట్టి చూస్తారు. సెంట్రింగ్ కింద పెట్టిన పోట్లకూ లెక్కలున్నాయి. నాలుగున్నర మీటర్ల వరకు ఉన్న స్లాబుకు 7 రోజులు, అంతకంటే వెడల్పయితే 14 రోజులు. పొడవైన బీములకు 21 రోజుల దాకా ఉంచాలి.

ఈ లెక్కలన్నీ కొన్నవాళ్ల ఫొటోలకు అందనివే. ఫొటోలో స్లాబు పడిందా లేదా అన్నదే తెలుస్తుంది. దానికి పది రోజులు నీళ్లు పట్టారా, ఇనుప చువ్వలకూ అచ్చు చెక్కకూ మధ్య కవర్ బ్లాకులు పెట్టారా అన్నది తెలియదు. కవర్ తక్కువైతే కొన్నేళ్లకు చువ్వ తుప్పు పట్టి ఉబ్బుతుంది, సీలింగు పెచ్చులూడుతుంది. సొంత స్థలంలో ఇల్లు కట్టుకునేవాళ్లకు ఈ విషయంలో కాస్త నయం. పొద్దున్నే వెళ్లి తామే పైపు పట్టుకుని తడపొచ్చు. మన ఊళ్లలో ఇంటి పెద్దాయన రిటైరయ్యాక చేసే మొదటి ఉద్యోగం చాలాసార్లు ఇదే. ఫ్లాటు కొన్నవాళ్లకు ఆ వీలు లేదు. భద్రత పేరుతో గేటు దగ్గరే ఆపేస్తారు. ఆ కారణం పూర్తిగా అబద్ధమూ కాదు.

డబ్బు ఏ అంతస్తులో అయిపోతుంది?

పని ముందుకు సాగినకొద్దీ విడతలుగా చెల్లించే పద్ధతిలో కొనుగోలుదారుకు రక్షణ ఉందని చెబుతారు. కట్టినంతకే చెల్లిస్తున్నాం కదా అన్నది వాదన. ఆ విడతలను ఎలా కోశారన్నదే ముఖ్యం.

మహారాష్ట్ర రెరా నియమాల్లో ఉన్న నమూనా ఒప్పందం చూడండి. ఒప్పందానికి ముందు 10 శాతం, ఒప్పందం తర్వాత మొత్తం 30 శాతం మించకుండా, ప్లింత్ పూర్తయ్యేసరికి 45 శాతం, స్లాబులన్నీ పడేసరికి 70 శాతం. ఆ తర్వాత గోడలు, లోపలి ప్లాస్టరింగ్, ఫ్లోరింగ్, తలుపులు, కిటికీలు అన్నీ అయితే 75 శాతం. శానిటరీ ఫిట్టింగులు, మెట్లు, లాబీలు పూర్తయితే 80. బయటి ప్లాస్టరింగ్, టెర్రస్ వాటర్‌ప్రూఫింగ్‌కు 85. లిఫ్టులు, పంపులు, కరెంటు పనులకు 95. మిగిలింది ఇల్లు అప్పగించినప్పుడు. ఇది ప్రభుత్వమే రాసిన నమూనా. బిల్డర్లు సొంతంగా రాసుకునే పట్టికల్లో చాలావరకు ఇంతకంటే ఉదారంగా ఉండవు.

ఈ అంకెల్లో గమనించాల్సింది ఒక్కటే. గోడలు, ప్లాస్టరింగ్, టైల్స్, తలుపులు, కిటికీలన్నీ కలిపి 5 శాతం. సొంతంగా ఇల్లు కట్టుకున్న ఎవరినైనా అడగండి, స్లాబు దాకా అయిన ఖర్చెంత, స్లాబు తర్వాత అయిన ఖర్చెంత అని. ఈ నిష్పత్తి వింటే నవ్వుతారు. అయితే బిల్డర్ల వాదనలోనూ కొంత నిజముంది. ఫ్లాటు ధరలో భూమి విలువ కూడా కలిసి ఉంటుంది, అనుమతుల ఫీజులు ముందే కట్టాలి, ఆ సొమ్ము ఇటుక పేర్చకముందే ఖర్చయిపోతుంది. నిజమే. కానీ ఫలితం మాత్రం ఇది: అస్థిపంజరం నిలబడేసరికి కొన్నవాళ్ల దగ్గర మిగిలిన బలం 30 శాతమే. పని మందగిస్తే ఆపి చూపించడానికి వాళ్ల చేతిలో పెద్దగా ఏమీ ఉండదు.

ఒక లెక్క వేద్దాం. ఫ్లాటు 80 లక్షలు. సొంత డబ్బు 20 లక్షలు, అప్పు 60 లక్షలు, వడ్డీ ఎనిమిదిన్నర శాతం అనుకుందాం. బ్యాంకు ముందు మీ వాటా కట్టించాకే తన డబ్బు వదులుతుంది. స్లాబులన్నీ పూర్తయి 70 శాతం, అంటే 56 లక్షలు, చేరేసరికి బ్యాంకు ఇచ్చింది 36 లక్షలు. దాని మీద నెలకు 25,500 రూపాయల వడ్డీ. దీన్నే ప్రీ-ఈఎంఐ అంటారు. ఇందులో అసలు ఒక్క రూపాయి కూడా తీరదు. ఇంకోపక్క ఉంటున్న ఇంటికి అద్దె. పని రెండేళ్లు ఆగిపోతే వడ్డీ రూపంలోనే 6 లక్షల 12 వేలు పోతుంది, అప్పు మాత్రం 36 లక్షలు అలాగే ఉంటుంది.

ఆదాయపు పన్ను నిబంధన ఈ దెబ్బను ఇంకాస్త పెంచుతుంది. పాత పన్ను విధానంలో, కట్టడం పూర్తి కాకముందు కట్టిన వడ్డీకి వెంటనే మినహాయింపు రాదు. ఇల్లు పూర్తయిన ఏడాది నుంచి ఐదు సమాన భాగాలుగా చూపించుకోవాలి, అదీ సొంత ఇంటికి ఏడాదికి మొత్తం 2 లక్షల పరిమితి లోపే. అప్పు తీసుకున్న ఆర్థిక సంవత్సరం ముగిశాక ఐదేళ్లలో ఇల్లు పూర్తి కాకపోతే ఆ పరిమితి 30 వేలకు పడిపోతుంది. ఆలస్యం చేసింది బిల్డరైనా మినహాయింపు పోగొట్టుకునేది కొన్నవాళ్లే. కొత్త పన్ను విధానంలో తాము ఉండే ఇంటి వడ్డీకి అసలు మినహాయింపే లేదు.

అస్థిపంజరాల నగరం

ఈ దారి చివరకు ఎటు పోతుందో గ్రేటర్ నోయిడా వెస్ట్ చూస్తే అర్థమవుతుంది. ఇరవై అంతస్తుల కట్టడాలు, కిటికీలు ఉండాల్సిన చోట ఖాళీ చతురస్రాలు. ఆమ్రపాలి సంస్థ ప్రాజెక్టుల్లో 42 వేల మందికి పైగా కొనుగోలుదారులు ఇరుక్కున్నారు. 2019 జులై 23న సుప్రీంకోర్టు ఆ సంస్థ రెరా రిజిస్ట్రేషన్లను, భూమి లీజులను రద్దు చేసి, మిగిలిన పని పూర్తిచేసే బాధ్యతను ప్రభుత్వ రంగ సంస్థ ఎన్‌బీసీసీకి అప్పగించింది. ఇళ్ల కోసం జనం కట్టిన డబ్బును వేరే చోట్లకు మళ్లించారని, నోయిడా, గ్రేటర్ నోయిడా అధికారులు, బ్యాంకులు కళ్లు మూసుకున్నాయని కోర్టు తప్పుపట్టింది.

బ్యాంకుల పాత్ర గురించి ఒక ముక్క. 'ఇల్లు చేతికొచ్చేదాకా ఈఎంఐ కట్టక్కర్లేదు' అనే ప్రకటనలు గుర్తుండే ఉంటాయి. సబ్‌వెన్షన్ పథకాలు అవి. అప్పు కొనుగోలుదారు పేరు మీద, వడ్డీ కట్టేది బిల్డర్, డబ్బు మాత్రం పని జరగకముందే బిల్డర్ ఖాతాలోకి. బిల్డర్ వడ్డీ ఆపేయగానే నోటీసు వచ్చేది కొన్నవాళ్లకే. పని దశలకు తగ్గట్టే అప్పు విడుదల చేయాలని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు చెప్పింది. 2019 జులైలో నేషనల్ హౌసింగ్ బ్యాంకు కూడా గృహరుణ సంస్థలను ఈ పథకాలకు దూరంగా ఉండమంది. అయినా ఈ వ్యవహారం ఎంత లోతుకు వెళ్లిందంటే, బిల్డర్లు, బ్యాంకుల కుమ్మక్కుపై దర్యాప్తు చేయాలని 2025లో సుప్రీంకోర్టు సీబీఐని ఆదేశించాల్సి వచ్చింది.

ఆగిపోయిన ప్రాజెక్టులకు ఆఖరి విడత డబ్బు సర్దడానికి కేంద్రం 2019 నవంబరులో స్వామిహ్ పేరుతో 25 వేల కోట్ల రూపాయల నిధిని ప్రకటించింది. కొనుగోలుదారుల సొమ్ము స్లాబుల దగ్గరే అయిపోతోందని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు కాదా ఇది?

రెరా ఏం మార్చింది

2016 నాటి రెరా చట్టం 2017 మే 1 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది. కట్టే దశలో ఉన్న ఇంటిని చూసే తీరును అది కొంత మార్చింది. కొన్నవాళ్లు కట్టిన డబ్బులో 70 శాతం ప్రత్యేక బ్యాంకు ఖాతాలో ఉంచాలి. జరిగిన పనికి తగినంతే, అదీ ఇంజినీరు, ఆర్కిటెక్టు, చార్టర్డ్ అకౌంటెంటు ధ్రువీకరిస్తేనే తీయాలి. రాతపూర్వక ఒప్పందం రిజిస్టర్ చేయకుండా 10 శాతానికి మించి తీసుకోకూడదు. పని ఎంతవరకు వచ్చిందో మూడు నెలలకోసారి రెరా వెబ్‌సైటులో పెట్టాలి.

ఆదివారం ఫొటో కంటే ఈ చివరి అంశం చాలా విలువైనది. నీళ్లు, డ్రైనేజీ, కరెంటు సహా ఏ పని ఎప్పటికి పూర్తవుతుందో తెలుసుకునే హక్కును చట్టంలోని 19వ సెక్షన్ ఇస్తోంది. చెప్పిన తేదీకి ఇల్లు ఇవ్వకపోతే వడ్డీతో సహా డబ్బు వెనక్కి తీసుకోవచ్చు, లేదా ఇల్లే కావాలనుకుంటే ఆలస్యమైన ప్రతి నెలకూ వడ్డీ అడగవచ్చు. అది 18వ సెక్షన్. ఆదేశం తెచ్చుకోవడం ఒక ఎత్తు, ఆ డబ్బు రాబట్టుకోవడం ఇంకో ఎత్తు.

లొసుగులూ ఉన్నాయి. ప్రత్యేక ఖాతాలోని సొమ్మును నిర్మాణానికే కాదు, భూమి ఖర్చుకూ వాడుకోవచ్చు. మిగతా 30 శాతం మీద ఆ కట్టడి లేదు. 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో, లేదా ఎనిమిది ఫ్లాట్లకు మించకుండా కట్టే వాటికి చట్టం రిజిస్ట్రేషన్ అడగదు. మన కాలనీల్లో పాత ఇల్లు పడగొట్టి లేపే చిన్న అపార్ట్‌మెంట్లలో చాలావరకు ఈ లెక్కలోకే వస్తాయి. అక్కడ కొన్నవాళ్లకు బిల్డర్ మంచితనమే దిక్కు.

ఫొటో పడితేనే డబ్బు

ఊళ్లో ప్రభుత్వ సాయంతో కట్టే ఇంటి కథ దీనికి తలకిందులు. నగరంలో డబ్బు ముందు నడుస్తుంది, కట్టడం వెనక వస్తుంది. ఇక్కడ కట్టడం ముందు నడవాలి. ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్‌లో మైదాన ప్రాంతాల్లో 1.20 లక్షలు, కొండ ప్రాంతాల్లో 1.30 లక్షల రూపాయల సాయం. ఇంటి ప్రతి దశనూ మొబైల్ యాప్‌లో ఫొటో తీస్తారు, ఆ ఫొటోతో పాటు స్థలం అక్షాంశ రేఖాంశాలు కూడా నమోదవుతాయి. అది చూశాకే తర్వాతి విడత. తెలంగాణ ఇందిరమ్మ ఇళ్ల పథకంలో 5 లక్షలు నాలుగు విడతల్లో ఇస్తారు. మొదటి లక్ష రావాలంటే ముందు బేస్‌మెంట్ పూర్తయి ఉండాలి.

దొంగ బిల్లులు ఆపడానికి ఈ పద్ధతి పనికొచ్చిందని ఒప్పుకోవాల్సిందే. కట్టని ఇళ్లకు డబ్బు డ్రా చేసిన రోజులు మనం చూసినవే. కానీ పునాది తవ్వించి, రాయి, ఇసుక, సిమెంటు తెచ్చి బేస్‌మెంట్ లేపేదాకా డబ్బు ఎవరిస్తారు? స్థలం ఉండి చేతిలో రూపాయి లేని కుటుంబానికి ఇదే మొదటి గోడ. చాలామంది వడ్డీకి తెస్తారు, లేదంటే ముగ్గు పోసి ఆగిపోతారు. ఫొటోలో పునాది లేదు కాబట్టి లెక్కల్లో వాళ్లు "పని మొదలుపెట్టని లబ్ధిదారులు" అవుతారు. మొదటి విడతలో కొంత భాగాన్ని మంజూరు పత్రంతో పాటే ఇవ్వడం అసాధ్యమేమీ కాదు. కేంద్ర పథకంలో మొదటి విడత మంజూరుతోనే వస్తుంది.

సైటుకు వెళ్తే ఏం చూడాలి

అంతస్తులు లెక్కపెట్టడం మానక్కర్లేదు, ఆ సంబరం ఎవరు కాదంటారు? దానితో పాటు కొన్ని చూడొచ్చు. మీ ఫ్లాటులో ప్లాస్టరింగ్‌కు ముందు గోడల్లో వేసిన కరెంటు, నీటి పైపులను ఒక్కో గోడ చొప్పున ఫొటో తీసుకోండి. రేపు మేకు కొట్టేటప్పుడు, లీకు వెతికేటప్పుడు ఆ ఫొటోలే దిక్కు. బాత్‌రూముల్లో టైల్స్ వేసేముందు నీళ్లు నిలిపి పరీక్షించమనండి, కింది ఫ్లాటు సీలింగు చూడండి. సైటులో ఎంతమంది పనిచేస్తున్నారో గమనించండి. రెండు మూడు నెలలుగా వాచ్‌మన్, ఇద్దరు కూలీలు తప్ప ఎవరూ కనపడకపోతే డిమాండ్ నోటీసు మీద సంతకం పెట్టేముందు రెరా పేజీలో ఆ త్రైమాసికం వివరాలు చూడాలి. బ్యాంకు నుంచి విడత విడుదలకు మీ సమ్మతి అడిగినప్పుడు పని నిజంగా ఆ దశకు వచ్చిందో లేదో చూసే హక్కు మీకుంది. చాలామంది ఆ కాగితాన్ని చదవకుండానే ఇచ్చేస్తారు.

చివరికి మిగిలేది ఓసీ, అంటే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్. కట్టడం అనుమతి పొందిన ప్లాను ప్రకారమే ఉంది, మనుషులు ఉండొచ్చు అని మున్సిపాలిటీ చెప్పే మాట. ఇది రాకుండా కట్టడాన్ని అప్పగించకూడదని, నీళ్లు, కరెంటు వంటి కనెక్షన్లు ఇవ్వకూడదని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశాలిచ్చింది. అయినా శ్రావణమాసం ముహూర్తం దగ్గరపడుతోందని ఓసీ లేకుండానే పాలు పొంగించేసే కుటుంబాలు తక్కువేమీ కాదు. బిల్డర్లకూ అదే కావాలి. జనం చేరిపోతే మిగిలిన పనికి గడువు ఒత్తిడి ఉండదు. గృహప్రవేశం జరుపుకోవచ్చు, కానీ ఓసీ నకలు చేతిలో పడకుండా ఇల్లు స్వాధీనం చేసుకున్నట్టు రాసిన పత్రం మీద మాత్రం సంతకం పెట్టకండి. కట్టడంలో లోపాలు బయటపడితే ఉచితంగా సరిచేయాలని రెరా చట్టం బిల్డర్‌పై పెట్టిన ఐదేళ్ల బాధ్యత ఆ స్వాధీన తేదీ నుంచే లెక్కకొస్తుంది.